నా దవడపన్ను, మా ఇద్దరు డాక్టర్లు

మా ఇంట్లో ఇద్దరు పళ్ల డాక్టర్లు ఉన్నారు: మా ఆవిడ, మా అమ్మాయి. ఇద్దరిదీ ఒకటే క్లినిక్కు, పక్కపక్కనే రెండు కుర్చీలు. అయినా నా దవడపన్నులో ఫిల్లింగు నిలవదు. వేసినప్పుడల్లా విరుగుతుంది. వేసేది మా ఆవిడ. ఈ రెండు మాటలూ కలిపి పైకి అనేంత ధైర్యం నాకు లేదు.

మొన్న మళ్లీ విరిగింది. అమ్మాయి అద్దం పెట్టి చూసి, "నాన్నా, పంటి గోడ పల్చబడిపోయింది. ఇంకోసారి విరిగిందంటే పీకెయ్యాల్సిందే," అంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"రాళ్లు నమిలితే ఏ ఫిల్లింగు ఆగుతుంది?" అంది మా ఆవిడ.

నేను నమిలింది అరటిపండు.

"తప్పు నాన్నది కాదమ్మా, నువ్వు తొలిచే గుంటది," అంది అమ్మాయి. "పెట్టెలాగా మూలలు పదునుగా తీస్తావు. నమిలే బరువంతా పోయి ఆ మూలల్లోనే పడుతుంది. అక్కడే పగులుతుంది."

మా ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది. ఆమె చదువుకున్న రోజుల్లో అన్నీ వెండిరంగు ఫిల్లింగులే. అవి పంటికి అతుక్కోవు, గుంటే వాటిని పట్టి నిలబెట్టాలి. అందుకని అడుగు చదునుగా, మూలలు కచ్చితంగా తొలవడం నేర్చుకుంది. పరీక్షలో ఆమె తొలిచిన గుంటను క్లాసంతటికీ చూపించారట. ఆ సంగతి పెళ్లయిన కొత్తలో చెప్పింది, ఇప్పటికీ చెబుతూనే ఉంది. ఇప్పుడు వేసేది తెల్లది. అది పంటికి అతుక్కుంటుంది, నీలం లైటు పడితే గట్టిపడుతుంది, గట్టిపడుతూ కాస్త కుంచించుకుపోతుంది. దానికి మూలలంటే పడదు.

"నాన్న చొక్కా జేబు ఎప్పుడూ ఎక్కడ చిరుగుతుంది? మూల దగ్గరేగా!" అంది అమ్మాయి.

"ఆ జేబులో మీ నాన్న ఏమేం కుక్కుతారో నన్నడుగు."

గొడవ నా పన్ను వదిలేసి నా జేబు మీదికి వచ్చేసరికి, నేను గబగబా వెళ్లి మా ఆవిడ కుర్చీలో పడుకుని నోరు తెరిచాను. నోరు తెరిచి ఉంటే ఎవరి పక్షమో చెప్పే బాధ ఉండదు.

మత్తు సూది పడింది. "ఈసారి గుండ్రంగానే తీస్తాలే, చూస్తూ ఉండు," అని మా ఆవిడ మిషను అందుకుంది. కాసేపటికి ఆపి చిన్న అద్దంలో చూసింది. మళ్లీ చూసింది. అమ్మాయి కూడా వంగి చూసింది. నాకు భయమేసింది.

"మళ్లీ మూలే వచ్చింది," అంది మా ఆవిడ నెమ్మదిగా. "గుండ్రంగానే తీద్దామనుకున్నానే. చెయ్యి దానంతటదే అటు పోయింది."

ఆమె అలా అనగా నేనెప్పుడూ వినలేదు. చాలా జాలేసింది. నా పన్ను సంగతే మరిచిపోయాను.

ఆమె లేచి తన స్టూలు అమ్మాయి వైపు జరిపింది. "రా, నువ్వే సరిచెయ్యి. లోతు మాత్రం పెంచకు."

అమ్మాయి మిషనుకు గుండ్రటి మొన తగిలించి మూలలన్నీ నున్నగా చేసింది. తెల్ల మందును ఒకేసారి కుక్కకుండా పొరలు పొరలుగా పెట్టింది. ప్రతి పొరకూ లైటు పట్టింది మా ఆవిడే. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అంతసేపు సలహా ఇవ్వకుండా ఉండగా చూడలేదు.

అంతలో తలుపు తోసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. ఎన్నో ఏళ్లుగా మా ఆవిడ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి నోట్లో పెట్టనివ్వని మనిషి. "డాక్టరమ్మగారూ, ఫిల్లింగు వేయించుకోవాలండీ," అన్నాడు.

మా ఆవిడ లైటు ఆపింది. "కూర్చోండి. మా డాక్టరుగారు ఈయన పని ముగించి చూస్తారు."

"మరి మీరో?"

"నేను లైటు పడతాను."

అమ్మాయి చెయ్యి నా నోట్లోనే ఒక్క క్షణం ఆగిపోయింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి గానీ, మొహం సగం మొద్దుబారి ఉండటంతో మిగిలిన సగంతోనే సరిపెట్టుకున్నాను.