మస్కట్ లైసెన్సు

సంగటి గెలుకుతున్న కమలాక్షి చేయి ఆగిపోయింది. వసారాలో అత్త రుక్మిణమ్మ ఎదురింటి కౌసల్యతో చెబుతోంది.

"మా గోపాలు మస్కట్‌లో తొమ్మిదేండ్లు కారు తోలినాడమ్మే. ఈడ రోడ్లు వానికి ఒక లెక్కా?"

అడుగంటిన వాసన వచ్చింది. కమలాక్షి మళ్లీ గెలికింది, ఈసారి కాస్త కసిగానే.

తొమ్మిదేళ్లు తోలింది ఎవరో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. గోపాలస్వామికి పెళ్లికి ముందునుంచే లైసెన్సు ఉంది. ఎవరో ఏజెంటు చేతికి ఫొటోలిస్తే ఇంటికే వచ్చింది, స్టీరింగు పట్టుకున్న పాపాన పోలేదు. మస్కట్‌లో ఆ లైసెన్సు చూపిస్తే, మీ దేశానికీ మా దేశానికీ ఒప్పందం లేదు, పరీక్షకు రావాల్సిందే అన్నారు. వరసలో ముందున్న ఇంగ్లండాయనకు మాత్రం కార్డుకు కార్డు మార్చి ఇచ్చేశారు. డ్రమ్ముల మధ్యకు కారును వెనక్కి నడిపే పరీక్షలో గోపాలస్వామి ఐదుసార్లు తప్పాడు. ఆరోసారి "నువ్వు పో కమలా" అన్నాడు. ఆమె రెండో ప్రయత్నానికే గెలిచింది. అప్పటినుంచి పొద్దున్నే వంట ముగించి ఆయన్ని ఆఫీసులో దింపడం, సాయంత్రం మళ్లీ ఆయన కోసం ఆ ఎండలో కాచుకొని కూర్చోవడం ఆమె పనే. ఊరికి రాసే ఉత్తరాల్లో ఆయన మాత్రం "కారు తోలుకొని ఆఫీసుకు పోతాండా" అని రాసేవాడు. పోనీలే, మగమనిషి, చిన్నబోతాడని ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

మదనపల్లెకు తిరిగొచ్చి ఆరు నెలలు. కొన్న మారుతి కారు కొన్నట్టే కవరు కింద ఉంది. కుప్పంలో అమ్మ శాంతమ్మకు కంటి ఆపరేషన్ అయ్యింది, ఒంటి మనిషి. వారం వారం కమలాక్షి పుంగనూరులో ఒక బస్సు, పలమనేరులో ఒక బస్సు మారి పోయి వస్తోంది. కారు తియ్యమంటే ఆయనకు పని ఉంటుంది. నేనే తీసుకుపోతానంటే మాత్రం ఎక్కడలేని చట్టం గుర్తొస్తుంది.

"ఈడ నీ లైసెన్సు చెల్లదు కదా."

చెల్లదు, నిజమే. లైసెన్సుల ఆఫీసులోనూ అదే మాట అన్నారు, మొదటినుంచీ మొదలుపెట్టాలన్నారు. మొదటినుంచీ మొదలుపెట్టడం ఆమెకు కొత్తా? పెళ్లయిన వారానికి కుప్పం పద్ధతిలో చారు పెడితే "మా ఇంట్లో ఇట్ల పెట్టరమ్మే" అంది అత్త. పుట్టింట్లో ఏళ్ల తరబడి చేసిన వంట ఒక్క పూటలో చెల్లకుండా పోయింది. పుట్టింటికీ అత్తింటికీ మధ్య కూడా ఎవరూ ఒప్పందం రాసుకోలేదు. చెమటోడ్చి నేర్చుకున్నది చెల్లదట, ఇంట్లో కూర్చుని తెప్పించుకున్నది చెల్లుతుందట. ఆమెకు ఒళ్లు మండింది. ఆ వారమంతా కుదురుగా కూర్చోలేకపోయింది, మడిచిన బట్టలే మళ్లీ మడిచింది.

సోమవారం ఒక్కతే వెళ్లి ఎల్ఎల్ఆర్ తెచ్చుకుంది. కాగితం ఇస్తూ గుమాస్తా చెప్పాడు. "ఎల్ బోర్డు పెట్టుకోవల్లమ్మా. పక్కన లైసెన్సున్న మనిషి కూచోవల్ల."

కమలాక్షికి అక్కడే నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున కారు కవరు తీసి, ముందొకటి వెనకొకటి ఎర్ర ఎల్ అంటించింది. "కూచోండి. మీకే కదా లైసెన్సు ఉండేది" అంది భర్తతో. తల్లి ముందు కాదనలేక గోపాలస్వామి ఎక్కాడు. రుక్మిణమ్మ గడపలో నిలబడి "మావాడు కారు నేర్పిస్తాండాడు" అని కౌసల్యకు వినపడేలా చెప్పింది.

మొదటి మలుపులో కారు కుడి పక్కకు పోయింది. గేరు వెతుక్కుంటూ కమలాక్షి కుడిచేయి తలుపుకు తగిలింది. మస్కట్ అలవాటు, అక్కడ దారీ కుడివైపే, గేరూ కుడిచేతికే. "ఎడమ పక్క, ఎడమ పక్క" అన్నాడు గోపాలస్వామి, సీటు గట్టిగా పట్టుకొని. ఆయన నేర్పింది అదొక్కటే. ఊరు దాటేసరికి చేతులకు ఎడమ అలవాటైపోయింది.

పుంగనూరులో టీ అంగడి దగ్గర ఆపింది. అంగడి సుబ్రహ్మణ్యం గోపాలస్వామితో కలిసి చదువుకున్నవాడు. ఆ నోట పడిన మాట సాయంత్రానికి మదనపల్లె చేరుతుంది. గ్లాసులు అందిస్తూ ఎల్ బోర్డు చూసి నవ్వాడు.

"ఏం స్వామీ, ఆయమ్మకు నేర్పిస్తాండావా?"

గోపాలస్వామి "ఆ... అదే..." అంటూ భార్య వైపు చూశాడు. తొమ్మిదేళ్లుగా చూస్తున్న చూపే. ప్రతిసారీ ఆమె తల దించుకునేది. ఈసారి దించలేదు.

"నేర్పేదేం లేదన్నా" అంది. "మస్కట్‌లో తొమ్మిదేండ్లు ఈయన్ని ఆఫీసులో దింపింది నేనే. ఈయనకు కారు తోలేది రాదు. పక్కన లైసెన్సు ఉండల్లంటే, కూచోబెట్టుకోని వచ్చినా."

సుబ్రహ్మణ్యం నవ్వు సగంలో ఆగింది. గోపాలస్వామి టీని గబగబా ఊదుకోసాగాడు. కమలాక్షి తన టీ తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"తాగినారా? ఎక్కండి, కుప్పంలో అమ్మ ఎదురు సూస్తాంటాది."