ఎర్రగీత దాకా నీళ్లు

మా కాలువకు గేజి పెట్టిన రోజున ఊరంతా పండగ చేసుకుంది. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది. పాన్‌గల్ దాటాక, కాలువ చిట్టచివర ఉన్న ఊరు మాది. పై ఊళ్ల పొలాలు తడవగా మిగిలితేనే మాకు. అలాంటిది, ప్రతి తూము దగ్గరా నీళ్లు కొలవాలని, రోజూ పొద్దున్నే ఫోటో తీసి పంపాలని సర్కారు రూలు పెట్టింది. తూము పక్కన సిమెంటు గోడకు గేజి అనే అంకెల పలక బిగించి, దాని మీద ఎర్రగీత గీశారు. నీళ్లు గీతను తాకితే మా వాటా మాకు వచ్చినట్టు. తాకకపోతే మరునాడు పైన గేటు ఎత్తి తీరాలి. ఇంతకన్నా న్యాయం ఏముంటుంది? ఆడవాళ్లు గంగమ్మకు చేసినట్టే ఆ పలకకు పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టారు. అంకెలు కనబడటం లేదని ఇంజనీరు జయపాల్ సారు కసురుకుని, వాళ్లతోనే కడిగించాడు.

మా వదిన అలివేలమ్మ ఆ ఏడు యాసంగికి పల్లి వేసింది. పొలం ఆమెది కాదు, కౌలుది. అన్న పోయాక ఆ పొలమే ఆమె బతుకుతెరువు. నిరుడు బోరు ఎండి పంట పోయింది. ఈసారి కూడా పోతే పొలం వేరేవాళ్లకు ఇచ్చేస్తానని ఆసామి ఆమె ముఖం మీదే చెప్పాడు. పూత అయిపోయి ఊడలు నేలలోకి దిగే వేళకు కాలువలో నీళ్లు సన్నబడ్డాయి. పల్లికి అప్పుడు తడి అందకపోతే ఇక అంతే. చెట్టుంటుంది గాని కింద కాయ ఉండదు.

అయినా మేం ధీమాగానే ఉన్నాం. నీళ్లు గీత దాకా లేవు కదా, రేపు గేటు ఎత్తుతారనుకున్నాం. రేపు వచ్చింది, గేటు లేవలేదు. ఆ మర్నాడూ అంతే. వదినను బండి మీద ఎక్కించుకుని ఆఫీసుకు తీసుకెళ్లాను. జయపాల్ సారు మర్యాదగానే కూర్చోబెట్టి ఫోన్లో ఫోటోలు చూపించాడు. ప్రతి ఫోటోలోనూ నీళ్లు ఎర్రగీతను తాకుతున్నాయి. మీ వాటా మీకు వస్తూనే ఉందని, పొలాల్లోకి పారకపోతే అది మీలో మీరు తేల్చుకోవాలని చెప్పాడు. వదిన ఆ ఫోటోలు ఒక్కొక్కటే చూసింది. తూము మాదే, గోడ మాదే. ఆ నీళ్లు మాత్రం మేమెన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం తూము దగ్గరికి వెళ్లాం. లష్కర్ ఫకీర్ లుంగీ ఎగగట్టి కాలువలో దిగి ఉన్నాడు. కాలువను కాపు కాయడం, గేజి ఫోటో పంపడం అతని పని. పర్మినెంటు కాదు, ఎప్పుడంటే అప్పుడు తీసేయొచ్చు. గేజికి కాస్త దిగువన ఇసుక సంచులు అడ్డంగా పేరుస్తున్నాడు. నీళ్లు అడ్డుకు ఆగి, మెల్లగా పైకెక్కి, గీతను తాకాయి. ఫోటో తీశాడు. తర్వాత సంచులన్నీ గట్టు మీదికి లాగేశాడు. మా పొలాలకు పోయే నీళ్లు ఆపకూడదని అంత జాగ్రత్త! మమ్మల్ని చూసి దాక్కోలేదు కూడా.

"గీత దాక నీళ్లు కనవడాలన్నడు సారు," అన్నాడు. "కనవడకుంటే పై ఆఫీసర్లకు జవాబు రాసుకోవాల్నంట. నేనేం జేద్దునక్కా?"

"లేని నీళ్లు లేవని పంపు తమ్మీ," అంది వదిన. "గా ఫోటోనే నా పంటను మింగుతున్నది."

"లేవని పంపితే రేపు నేనే ఉండ."

అతని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ అన్న పాడె మోసినవాళ్లలో ఫకీర్ ఒకడు. చేయి లేవలేదు.

వదిన మరో రెండు రోజులు ఓపిక పట్టింది. మూడో రోజు నన్ను తీసుకెళ్లి, సంచులు ఉన్నప్పుడు ఒక ఫోటో, తీశాక ఒక ఫోటో తీయించింది. తూము మీద రాసి ఉన్న ఫిర్యాదుల నంబరుకు పంపమంది. ఫకీర్ సంగతేమిటని అడిగాను. కొంగుతో కళ్లు తుడుచుకుంది గాని, పంపమనే అంది.

ఫిర్యాదు పనిచేసింది. మా ఖర్మ అక్కడే కాలింది. వారం తిరక్కుండానే ఫకీర్‌ను పనిలోంచి తీసేశారు. జయపాల్ సారును ఎవరూ ఏమీ అనలేదు, పాపం ఆయన మోసపోయాడట! ఇక మా గేజి కొలతలు నమ్మదగినవి కావని తేలింది కాబట్టి, కొత్తది బిగించేదాకా ఆ తూముకు నీళ్లు బంద్ అన్నారు. కొలవకుండా చుక్క నీరు వదిలినా రూలు తప్పినట్టేనట. అప్పటిదాకా వస్తున్న సన్నటి ధార కూడా ఆగిపోయింది. ఊరంతా వదిననే తిట్టింది. ఆమె ఎదురుపడితే ఫకీర్ భార్య అమీనాబీ తలుపు వేసుకునేది.

కొత్త గేజి వచ్చేసరికి చేను వాడి నేలకు ఒరిగింది. వదిన ఒక చెట్టు పీకి నాకు చూపించింది. ఊడలు సగంలోనే నల్లబడి ఎండిపోయాయి. ఒక్క కాయ లేదు. పొలం ఇంకెవరికో మాట్లాడేశానని ఆసామి కబురు పంపాడు.

గేజి బిగించిన రోజు జయపాల్ సారు స్వయంగా వచ్చాడు. కాలువ అడుగున మట్టి పెచ్చులు లేచి ఉంది. ఆయన వంగి, పలకను పరీక్షగా చూశాడు.

"సున్న. ఇప్పుడు కరెక్ట్‌గున్నది," అని ఫోటో తీసుకున్నాడు.

కొలత సరిగ్గా ఉందని ఫిర్యాదు చేసిన మనిషే సాక్షి సంతకం పెట్టాలట. కాగితం, పెన్ను వదిన చేతికిచ్చాడు. నీళ్లు ఎప్పుడు వదులుతారని వదిన అడిగింది. ముందు ఈ కాగితం పైకి పోవాలన్నాడు. నాకు ఒళ్లు తెలియని కోపం వచ్చి, కాగితం లాక్కుని చింపబోయాను. వదిన నా చేయి పట్టుకుంది.

"ఆగు రాఘవేందర్. అబద్ధమేం రాయలే గదా," అంది.

సున్న పక్కన సంతకం పెట్టింది.