రింగు ఎనిమిది మీద

శేషయ్య మాస్టారు సెలవు మీద వైజాగ్ ఓడ ఎక్కుతూ క్వార్టర్ తాళం నాకిచ్చారు. ఆయన టెలిస్కోపుని తుడవడం, గురిపెట్టడం ఈ దీవిలోని మా తెలుగు పేటలో నాకొక్కదానికే తెలుసు. కన్ను పెట్టే చోట జూమ్ ఐపీస్. దాని రింగు మీద ఇరవై నాలుగు నుంచి ఎనిమిది దాకా అంకెలుంటాయి. ఇరవై నాలుగు మీద వెతుక్కోవాలి. ఎనిమిదికి తిప్పితే వస్తువు దగ్గరకొస్తుంది, చుట్టూ ఉన్నదంతా పోతుంది.

"ఇందులో అన్నీ తలకిందులే. చందమామకి పైనేమిటి, కిందేమిటిలే," అని మాస్టారు మొదటిరోజే నవ్వారు. మేం చూసిందల్లా చందమామనే.

అన్నయ్య నూకన్న, అతని పడవలో పనిచేసే లక్ష్ముడు చేపల వేటకెళ్ళి రెండో రోజు. తెల్లవారుతూనే గాలి లేచింది. మధ్యాహ్నానికి వదిన గురమ్మ, ఆమె తండ్రి జోగులు మామ మా పేట పైన డిగ్నాబాద్ ఎత్తు మీది ఆ క్వార్టర్ వరండాలో నా వెనక నిలబడ్డారు.

చాలాసేపు గాలించాక నల్లటి నలక ఒకటి దొరికింది. ఆత్రం పట్టలేక ఎనిమిదికి తిప్పేశాను. మసకబారితే సరిచేశాను. చుట్టూ బూడిదరంగు నీళ్ళు. నడుమ మా పడవ, వదిన పూసిన ఎర్ర రంగు ముక్కుతో.

"తిన్నగానే ఉంది," అన్నాను.

మామ చూశాడు. "అంత పైకి తేలిపోయుందేటి? ఒక్క సేప కూడా పడనేదు గావాల."

"మనుసులేరి నాన్నా?" అంది వదిన.

"ఎండకి అడుగున తొంగున్నారే అమ్మీ. ఇంజన్ బంద్ అయిపోనాది, అంతే. గాలి తగ్గాక కట్టి లాక్కొద్దాం. ఇప్పుడెల్తే మన పడవ కూడా పోద్ది."

వదిన కళ్ళు తుడుచుకుంది. "ఇంటికి రానీ, సెప్తాను. నానిక్కడ ముద్ద మానీసి సస్తంటే ఆడు నిద్రోతన్నాడు." చారు పెట్టడానికి దిగి వెళ్ళిపోయింది. వెనకే మామ కూడా.

అరగంటకి పడవ చూపులోంచి జారిపోయింది. వెతకడానికి రింగు వెనక్కి తిప్పాను. ఇరవై నాలుగు. సముద్రం పైనుంది. ఆకాశం కిందుంది. అన్నీ తలకిందులైన ఆ చూపులో మా పడవొక్కటే తిన్నగా ఉంది.

కిందికి పరుగెత్తాను. "మామా, పడవ బోల్తా కొట్టింది. నాను సెప్పింది తప్పు."

మామ ఒడ్డుకి ఉరికాడు. పక్కింటి గవరయ్య భయ్యా తన పడవ తీశాడు. ఇద్దరూ అలల్లోకి వెళ్ళారు.

పొద్దు వాలుతుండగా లక్ష్ముణ్ణి తెచ్చారు. అరచేతుల చర్మం ఊడిపోయి ఉంది. వాడొక్కడే దిగాడు.

"మామోల్లొచ్చే ముందే పడవొగ్గేసినాడొదినా," అన్నాడు. "ఎంతో సేపు కానేదు. మన కొండ కనబడతనే ఉంది. మా సెల్లి సూస్తది, ఒచ్చేస్తారు, అంటనే ఉన్నాడు."

వదిన నా వైపు తిరగలేదు. లోపల చారు మాడిన వాసన వస్తోంది.

నేను మళ్ళీ ఎత్తెక్కాను. వెలుగున్నంతసేపూ ఇరవై నాలుగు మీదే వెతికాను. ఎనిమిదికి తిప్పి చూడవలసిందేదీ దొరకలేదు.