ఎడ్నా ప్రాట్ చావు

చావు కోసం ఎదురుచూసేవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు గానీ, గ్యాస్ పేలి ఇల్లు నెత్తిన కూలితే బావుండునని మొక్కుకున్న మనిషి మాత్రం నోరీన్ హాలరన్ ఒక్కతే అయివుంటుంది.

చావాల్సింది నోరీన్ కాదులెండి. ఐదేళ్ళుగా ఆమె టీవీ సీరియల్లో వేస్తున్న ఎడ్నా ప్రాట్ పాత్ర. వారానికి ఐదు రాత్రులు సిడ్నీ నుంచి పెర్త్ దాకా ఇంటింటా దిగబడే బోర్డింగ్ హౌస్ గయ్యాళి. అద్దెకున్నవాళ్ళ పాలలో నీళ్ళు కలుపుతుంది, కడుపుతో ఉన్న పిల్లని వానలో బయటికి గెంటుతుంది. ఆవిణ్ణి నాలుగు తిట్టందే జనానికి తిన్నది అరగదు. తిట్టుకుంటే తిట్టుకున్నారు, ఆ తిట్లు తెచ్చి నోరీన్ మొహాన కొట్టేవాళ్ళు. తను ఉండే మారిక్‌విల్‌లో మాంసం కొట్టువాడు ఆమెకి కొవ్వు ముక్కలే తూచి, "నీ బుద్ధికి ఇదే ఎక్కువ" అనేవాడు. బస్సులో ఓ ముసలావిడ గొడుగుతో వీపు మీద ఒక్కటిచ్చి, "ఆ పిల్లని ఏ గంగలో కలిపావే పాపిష్టిదానా?" అని నిలదీసింది. నటికి అంతకన్నా బిరుదేం కావాలన్నారు తోటివాళ్ళు. దెబ్బ తిన్న వీపు వాళ్ళది కాదుగా!

వదిలించుకోవాలని ఆమె చూడకపోలేదు. నిర్మాత డగ్ రాంకిన్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి బతిమాలింది. "ఒప్పందం చదువుకోకుండానే సంతకం పెట్టావా తల్లీ? ఎడ్నా బతికున్నన్నాళ్ళూ నువ్వు ఎక్కడికీ పోలేవు" అని నవ్వేశాడు ఆ మహానుభావుడు. ఇప్పుడేమో అడిలైడ్‌లో ఒక నాటక బృందం మంచి వేషం పెట్టుకుని ఆమె కోసం కూచుంది. సోమవారానికల్లా ఏదో ఒక మాట చెప్పాలి. ఎడ్నా చస్తేనే నోరీన్‌కి బతుకు.

సరిగ్గా అప్పుడే పోటీ చానెల్ వాళ్ళు చూసేవాళ్ళని లాక్కుపోవడం మొదలుపెట్టారు. ఎలాగైనా జనాన్ని వెనక్కి రప్పించాలని డగ్ కథలో గ్యాస్ పేలినట్టు పెట్టి బోర్డింగ్ హౌస్‌నే కూల్చేశాడు. లోపలున్నవాళ్ళలో ఎవరు పోతారో, ఎవరు మిగులుతారో నటులకి కూడా చెప్పలేదు. కిందటిసారి ఒక పాత్ర చావు కబురు పత్రికలవాళ్ళు ముందే పసిగట్టి పతాక శీర్షిక పెట్టేశారట. అందుకని ఈసారి ఒక్కొక్కరినీ రెండు రకాలుగా తీయమన్నాడు. చచ్చినట్టు ఒకసారి, బతికినట్టు ఒకసారి. వాటిలో ఏది వేయాలో తర్వాత తనే చూసుకుంటాడట.

జనవరంటే అక్కడ నడివేసవి, ఆ ఎండకి స్టూడియో రేకులు పెనంలా కాలుతున్నాయి. నోరీన్‌ని పొద్దున్నే నేల మీద పడుకోబెట్టి, మీద దూలం పడేసి, చుట్టూ ఇటుకలు పేర్చారు. దూలం ఉత్త అట్టదే గానీ ఇటుకలు నిజమైనవి. కదిలితే అమరిక చెడుతుందని టీ తాగడానికి కూడా లేవనివ్వలేదు. నలుపు తెలుపు రోజుల్లో నెత్తురంటే చాక్లెట్ పాకం పూసి సరిపెట్టేవాళ్ళు. రంగులొచ్చాక ఆ పప్పులుడకవు కదా, ఎర్రటి రాస్‌బెర్రీ షర్బత్ నుదుటి మీంచి మెడ దాకా ఒలకబోశారు. దాని కోసం ఎక్కణ్ణించి వచ్చాయో గాని చీమలు బారులు తీరి ఆమె మెడ ఎక్కాయి.

"కాస్త దులపండ్రా నాయనా, చంపేస్తున్నాయి!" అంది నోరీన్.

"పడుకో అక్కా, శవానికి చీమలు పట్టడం సహజమేగా" అంది మేకప్ చేసే గ్లెనిస్.

చచ్చినట్టు తీసింది అద్భుతంగా వచ్చింది. నోరీన్ ఏ వేషంలోనూ అంత ఇష్టంగా చావలేదు. ఇక మిగిలింది బతికే ముక్క. భర్త వాల్ ఇటుకలు తొలగించి, "ఎడ్నా, కళ్ళు తెరువు" అంటాడు. ఆమె తెరవాలి. నాలుగింటికి పిల్లల కార్యక్రమానికి స్టూడియో అప్పగించాలి, ఇటుకలు మళ్ళీ పేర్చే వ్యవధి లేదు. కాబట్టి ఒక్కసారే తీయగలరు. నోరీన్‌కి చటుక్కున ఒక ఆలోచన తట్టింది. తను కళ్ళు తెరవకపోతే బతికిన ముక్కే ఉండదు. ఉన్న చావునే వేసుకోవాలి. చచ్చినట్టు వదిలిపెడతారు!

కెమెరా తిరిగింది. వాల్ వేషం వేసే క్లారీ బీటన్ ఇటుకలు తీస్తూ వచ్చాడు. అరవై దాటినవాడు, గయ్యాళి పెళ్ళాం నోటికి జడిసే మొగుడిగా ఐదేళ్ళుగా ఆమె పక్కనే నిలబడినవాడు. "ఎడ్నా, కళ్ళు తెరువు" అన్నాడు. ఆమె తెరవలేదు. మళ్ళీ అన్నాడు. ఆమె రెప్ప కూడా కదపలేదు. అతని చేతులు ఆమె భుజాల మీద ఆగిపోయాయి. విషయం అతనికి అర్థమైందని ఆమెకీ తెలిసిపోయింది.

క్లారీ భోరుమని ఏడుస్తూ ఆమె మీదికి వంగాడు. నోరు చెవికి ఆనించి, మైకుకి అందనంత చిన్నగా, "నోరీన్, నీకు దణ్ణం పెడతా. ఎడ్నా లేకపోతే వాల్ ఎందుకే వాళ్ళకి? ఇక్కణ్ణించి పంపేస్తే ఈ వయసులో నన్నెవడు పిలుస్తాడు?" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇదేం న్యాయం! ఆయన బతుకు కోసం తన బతుకు పాతిపెట్టుకోవాలా? అడిలైడ్ వాళ్ళ వేదిక మూసిన కళ్ళ ముందే కనబడుతోంది. ముసలాయన మాత్రం నటించడం లేదు, వణికిపోతున్నాడు. ఇంకొక్క క్షణం ఓర్చుకుంటే చాలు. ఓర్చుకోలేకపోయింది. తిట్టుకుంటూనే కళ్ళు తెరిచింది.

స్టూడియో అంతా చప్పట్లు కొట్టింది. పైన గదిలోంచి డగ్ కళ్ళు తుడుచుకుంటూ దిగివచ్చాడు.

"ఏం ఏడ్చావయ్యా క్లారీ! రాయైనా కరుగుతుంది. ఇదే వేస్తున్నాం, ఎడ్నా బతికింది" అన్నాడు. క్లారీ నోరీన్ చెయ్యి గట్టిగా నొక్కాడు.

"కానీ పెద్దాయనా, అంత ఏడ్చినవాణ్ణి వచ్చే వారం మళ్ళీ మూల కూచుని పేక ముక్కలు కలపమంటే ఏం బావుంటుంది చెప్పు? పెళ్ళాన్ని బతికించుకున్న సంతోషంలో అక్కడే గుండె ఆగిపోతుంది నీకు. దేశమంతా ఏడవాలి! ఇక ఎడ్నా విధవరాలు. రెండేళ్ళు లాగించొచ్చు ఆ కథ. నాలుగవడానికి ఇంకా పది నిమిషాలుంది, కానిచ్చేద్దాం" అన్నాడు డగ్ మళ్ళీ.

"డగ్, నీకేమైనా మతిపోయిందా?" అని అరిచింది నోరీన్. "ఈ ఏడుపు ఎందుకేడ్చాడో తెలుసా నీకు?"

"నువ్వు కదలకు తల్లీ, మిగిలిన ఇటుకలు జారతాయి" అన్నాడు డగ్, కెమెరామన్ వైపు తిరిగి, కెమెరా తిప్పమని వేలితో చుట్టి చూపిస్తూ.

క్లారీ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. చేతులకంటిన ఇటుకల సున్నం వంక చూసుకున్నాడు. తర్వాత చొక్కా సర్దుకుని, మోకాళ్ళ మీద కూచుని, "ఎటువైపు పడమంటావు డగ్?" అని అడిగాడు.

డగ్ నోరు తెరిచేలోపే నోరీన్ దూలం కిందనుంచి చెయ్యి బయటికి చాపింది.

"నా వైపు పడు క్లారీ" అంది.