పాపం తొట్టి

విషపు నీళ్ళలో పెరిగే చేపలు చిక్కిపోవాలి. అది న్యాయం. కానీ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో రెండో తొట్టి చేపలకు న్యాయం తెలియదాయె, నవనవలాడుతూ ఒళ్ళు చేస్తున్నాయి.

మొదటి తొట్టిలో మామూలు కుళాయి నీళ్ళు. రెండో దాంట్లోవి మూసేసిన యురేనియం గని పక్కనున్న చెరువు నుంచి డబ్బాలతో తెప్పించినవి. మీటరు దగ్గర పెడితే టిక్కుటిక్కుమంటుంది. అందుకని ఆ తొట్టి మీద పసుపుపచ్చ ప్రమాద సూచిక అంటించారు. రెండింటికీ మేత సమానంగా తూచి వేసేది చేపలమ్మాయి. పరిశోధన చేస్తున్న ఆ పిల్లకు డిపార్టుమెంటు పెట్టిన పేరది. ఇంట్లో వాళ్ళమ్మ, "ఇన్నేళ్ళు చూశావు గదే, ఏం తెలిసింది ఆ చేపల గురించి?" అని అడిగినప్పుడల్లా ఆమె మాట మార్చేసేది.

గైడు గారికి మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. "రేడియోధార్మికతతో చేపలు పెరుగుతాయని ఇంతవరకూ ఎవడూ అనలేదమ్మా! వచ్చే వారం సదస్సులో మనం అంటున్నాం," అన్నారు. అది గట్టెక్కితే ఆమె డాక్టరేటూ గట్టెక్కినట్టే. ఆమెకు ఇదే ఆఖరి గడువు.

ఒక మధ్యాహ్నం మేత డబ్బా మూత చెయ్యిజారి బల్ల కిందికి దొర్లింది. ఆమె దానికోసం కిందికి దూరింది. అంతలో అటెండరు బాబాయి వచ్చి, ప్రమాద సూచిక వంక చూసి "పాపం" అన్నాడు. డబ్బాలోంచి చిటికెడు మేత తీసి రెండో తొట్టిలో చల్లాడు.

"బాబాయ్! ఏంటది?" ఆమె లేవబోయి తల బల్లకు కొట్టుకుంది.

"హమ్మో! నువ్విక్కడే ఉన్నావా తల్లీ? ఏం లేదు, కాస్త మేత. అవతలవి ఎలాగూ బతుకుతాయి. ఇవి పోయేవే కదా, కడుపునిండా తిని పోనీ అని."

"ఎప్పట్నుంచి వేస్తున్నావ్?"

"నువ్వు ఆ బొమ్మ అంటించిన రోజు నుంచీ."

"నువ్వొక్కడివేనా?"

"భలేదానివే! ఒక్కడు వేస్తే ఇంత ఒళ్ళు చేస్తాయా?"

ఆమె మూత తెచ్చి డబ్బాకు గట్టిగా బిగించింది. నోరు మూసుకుంటే డాక్టరేటు వస్తుంది. చేపలు ఎటూ చెప్పవు. ఆ సంగతి కాసేపు నిజాయితీగానే ఆలోచించింది. తర్వాత తన మీద తనకే ఒళ్ళు మండి గైడు గారి గదికి వెళ్ళి అంతా చెప్పేసింది. చెప్పి ఏడ్చింది.

గైడు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు.

"బాబాయి ఎంత వేస్తున్నాడు?"

"చిటికెడు సార్."

"నేను రెండు," అన్నారాయన తలెత్తకుండా. "పాపం అనిపించి వేశాను. చేసిందీ పాపమే."

సదస్సు మానుకున్నారు. పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఆమెకు ఇంకో ఏడాది ఇప్పించారు. ఈసారి కొత్త చేపపిల్లలు, నాలుగు తొట్లు. ఏది ఏ నీళ్ళదో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. మేత బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఏ తొట్టి మీద జాలిపడాలో తెలియక జనం ఆమె మీద పడ్డారు. "పాపం, మళ్ళీ మొదట్నుంచంట," అంటూ బాబాయి అరటిపళ్ళు పెట్టి పోయేవాడు. గైడు గారు బిస్కెట్లు తెచ్చేవారు. సెలవులకు ఇంటికెళితే వాళ్ళమ్మ ఎగాదిగా చూసి, "బాగా ఒళ్ళు చేశావే, ఏం పెడుతున్నారే అక్కడ?" అంది.

ఏడాది తిరిగేసరికి ఫలితం వచ్చింది. గని నీళ్ళ చేపలు, న్యాయం ప్రకారం, చిక్కిపోయాయి. ఆ రోజు సాయంత్రం గైడు గారు సంతకం పెట్టి, "ఇక నువ్వు డాక్టరువే," అన్నారు. ఆమె సంతోషంగా తొట్ల గదికొచ్చింది. మూడో తొట్టిలో వెన్నెముకలు తేలిన చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. అవే ఆమెను గట్టెక్కించాయి.

"పాపం," అంది ఆమె.

ఇక తూచాల్సిన పని లేదు. బీరువా తాళం తీసి, డబ్బా డబ్బాగానే తీసుకొచ్చింది.