గంట ముందే దిగే విమానం

మల్కాపురం యేసుదానం ఆదివారం తొమ్మిదింటి ఆరాధనకి ఏనాడూ సమయానికి చేరిన పాపాన పోలేదు. శనివారం మాత్రం భార్య రోజలిన్‌కి కాంకర్డ్ విమానం గురించి ఊదరగొట్టాడు.

"సప్పుడు కన్నా డబుల్ స్పీడే! లండన్లో పదిన్నరకి ఎక్కితే న్యూయార్క్‌లో తొమ్మిదిన్నరకే దిగిపోయీవోరు. అక్కడి గడియారం ఐదు గంటలు ఎనక మరి."

"ఇప్పుడేదీ?"

"ఇరవయ్యేళ్ల కితమే ఆపీసినారు. ఆయిలు తెగ తాగీసీది. ఆ మోతకి ఊళ్ల మీద ఎగరనిచ్చీవోరు కాదు."

మర్నాడు గోడ గడియారం తొమ్మిది కొట్టగానే ఉలిక్కిపడి, రోజలిన్‌ని స్కూటరెక్కించుకుని ఆదరాబాదరాగా చర్చికి చేరాడు. లోపల నరపురుగు లేదు. అక్కడి గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది.

"ఇదేటే! తొమ్మిదికి బయల్దేరి ఎనిమిదీ పదికొచ్చీసేం?"

రాత్రే ఇంటి గడియారాన్ని గంట ముందుకి తిప్పేసిన రోజలిన్, ముందు బెంచీలో దర్జాగా కూర్చుంది.

"కాంకర్డ్‌లో తెచ్చినాను. మోత సెయ్యకుండా కూకో."