బోడి బ్రష్షు

మూతపడిన బ్రష్షుల ఫ్యాక్టరీలో మిగిలింది ఒక్క గది. దాన్ని ప్రదర్శనశాలగా ఉంచాలో, సిమెంటు వ్యాపారికి గోదాముగా ఇవ్వాలో రేపు చూసి తేలుస్తానని పురపాలక అధికారి కబురు పెట్టాడు. గదిని చూసుకునేది ఒక కోడలు. ఆమె మామగారు ఆ ఫ్యాక్టరీలోనే చెకింగ్ మేస్త్రీ. అత్తగారు కుచ్చులు బిగించేవారు.

యంత్రాలు తుక్కు కింద పోయాయి. గదిలో ఉన్నవి కొన్ని ఫొటోలు, ఒక బల్ల, ఫ్యాక్టరీలో తయారైన ఆఖరి బ్రష్షు. కోడలు భోంచేసి వచ్చేసరికి ఆ బ్రష్షు సగం బోడిగా ఉంది. పక్కన మామగారు, ఇద్దరు పాత పనివాళ్లు నిలబడి ఉన్నారు.

ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉండేది. బల్ల పక్కనుంచి వెళ్లేవాళ్లెవరైనా బ్రష్షు తీసి కుచ్చు పట్టి లాగాలి. ఊడితే బ్రష్షు వెనక్కి, బిగించినవాళ్లకు చీవాట్లు. ఫ్యాక్టరీ పోయినా చేతులు మానలేదు.

"ముట్టుకోవద్దని బోర్డు పెట్టాను కదా మామయ్యగారూ."

"ముట్టుకోలేదమ్మా. చెక్ చేశాం."

"చెక్ చేస్తే సగం ఊడుతుందా?"

"ఊడిందంటే బిగింపు సరిగ్గా లేదన్నమాట."

పాత పనివాళ్లు మెల్లిగా జారుకున్నారు. అత్తగారు గుమ్మంలోంచే అందుకున్నారు. "అది బిగించింది నేను. పాస్ చేసింది తమరు."

"ఆఖరి రోజు కదా అని జాలిపడ్డాను."

"ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ లేని జాలి, మూసే రోజు పుట్టుకొచ్చిందా?"

"కంచే చేను మేస్తే నేనెవరితో చెప్పుకోను?" అంది కోడలు. "రేపు అధికారికేం చూపించను? చెక్కముక్కా?"

మామగారు చొక్కా జేబులోంచి ఊడిన కుచ్చులన్నీ తీసి బల్ల మీద పెట్టారు. నేల మీద పడేయడం ఫ్యాక్టరీలో నేరం.

అత్తగారు కూర్చుని ఒక్కో కుచ్చునీ మధ్యకి మడిచి, సన్నటి తీగ తగిలించి, చిల్లులోకి లాగి బిగించసాగారు.

"తీగ వదులుగా ఉంది," అన్నారు మామగారు వెనకనుంచి.

"వెలుగుకి అడ్డం తప్పుకోండి ముందు."

పని ముగించి బ్రష్షుని ఆయన ముందుకి తోశారు. ఆయన ఒక కుచ్చు లాగారు. రాలేదు. ఇంకోటి లాగారు. వేళ్లు తెల్లబడ్డాయి గానీ కుచ్చు రాలేదు.

"పాస్," అన్నారు.

కోడలు దాన్ని తీసి అట్ట పక్కన పెట్టబోయింది. అట్ట మీద 'ఆఖరి బ్రష్షు' అని, కింద ఫ్యాక్టరీ మూతపడిన సంవత్సరం రాసి ఉన్నాయి.

"తప్పు రాయకమ్మా," అన్నారు మామగారు. "ఆనాటిది ఫెయిలైంది. పాసైంది ఇవాళ్టిది."

ఆమె వాదించలేదు. వాదించి గెలిచినవాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. సంవత్సరం కొట్టేసి ఆ రోజు తేదీ రాసింది.

మర్నాడు అధికారి అట్ట చదివాడు. "తేదీ నిన్నటిది వేశారేం?"

"లాగి చూడండి," అన్నారు మామగారు.

అధికారి లాగాడు. రాలేదు. రెండోసారి గట్టిగా లాగి, ఇదెలా బిగించారని అడిగాడు. అత్తగారు తన దగ్గరున్న విడి కుచ్చొకటి తీసి చూపించారు. ఆయన కూడా ఒకసారి ప్రయత్నించి తీగ చిక్కుపెట్టుకున్నాడు. వెళ్తూ, సిమెంటుకి వేరే చోటు చూడమని వెంట వచ్చిన గుమస్తాకి చెప్పాడు.

కోడలు ఆయన్ని గుమ్మం దాకా సాగనంపి వచ్చేసరికి మామగారు మళ్లీ కుచ్చు పట్టుకుని ఉన్నారు.